పెళ్ళికి నిర్వచనం ఎవరు రాయాలి? రెండు రోజులు దక్షిణాఫ్రికాగా కూర్చున్న మా అనుభవం



పోస్టు పెద్దదే. హాస్టల్లో అందరూ పడుకున్నాక నాలుగు రాత్రులు కూర్చుని ఫోన్లో టైపు చేశాం. తప్పులుంటే సర్దుకోండి. కానీ చివరిదాకా చదవండి, చివర్లో మీ అందరినీ ఒక పని అడుగుతాం.

మేమిద్దరం భద్రాచలం ఏరియా కోయ పిల్లలం. డిగ్రీ రెండో సంవత్సరం, ఇద్దరికీ ఇరవై. మా ఇళ్ళల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. ఒకరి ఊరు గోదావరి ఒడ్డున, ఇంకొకరిది బస్సు దిగి ఆరు కిలోమీటర్లు నడవాలి. ఇద్దరం ఆశ్రమ పాఠశాల నుంచీ ఒకే బెంచి, ఇప్పుడు ఒకే రూము. అందుకే ఈ పోస్టులో ఎవరు ఏం మాట్లాడారో విడదీసి రాయట్లేదు. అక్కడ జరిగినవన్నీ ఇద్దరికీ జరిగినయి.

పోయిన నెలలో మా పొలిటికల్ సైన్స్ సార్ క్లాసు అయ్యాక మమ్మల్ని ఆగమన్నారు. హైదరాబాదులో ఒక ప్రైవేటు కాలేజీలో మోడల్ యునైటెడ్ నేషన్స్ పెడుతున్నారు, మన కాలేజీ నుంచి ఒక జంట వెళ్ళాలి, మీరు వెళ్తారా అన్నారు. అది ఏందో మాకు తెలియదు. "క్విజ్ లాంటిదా సార్?" అని అడిగాం. సార్ నవ్వి చెప్పారు. ఐక్యరాజ్యసమితిలో దేశాలు ఎట్లా కూర్చుని మాట్లాడతాయో, పిల్లలు అట్లా కూర్చుని మాట్లాడాలి. ఒక్కో జంటకు ఒక దేశం ఇస్తారు. మన సొంత అభిప్రాయం చెప్పకూడదు, ఆ దేశం ఏమంటుందో అదే చెప్పాలి. "నేను" అనే మాటే వాడకూడదు. రిజిస్ట్రేషన్ ఫీజు సారే కట్టారు. ఈ మాట ఇక్కడ రాయొద్దన్నారు గానీ రాస్తున్నాం.

వారానికి మాకు మెయిల్ వచ్చింది. కమిటీ: జనరల్ అసెంబ్లీ మూడో కమిటీ. అంటే సామాజిక, మానవ హక్కుల విషయాలు చూసేది. చర్చ: పెళ్ళి అంటే ఏమిటో ఒక అంతర్జాతీయ సంస్థ నిర్వచించాలా వద్దా. మా దేశం: దక్షిణాఫ్రికా.

దక్షిణాఫ్రికా అంటే మాకు అప్పటిదాకా మండేలా, క్రికెట్. అంతే.

చదవడం మొదలుపెట్టాం. లైబ్రరీలో పనిచేసే కంప్యూటరు ఒకటే. మిగతాది ఫోన్లో, రోజుకు వచ్చే డేటా అయిపోయేదాకా. ఇంగ్లీషు ఒక పేజీ అర్థం కావడానికి గంట పట్టేది. మాకు ముందు తెలిసిన సంగతి ఏందంటే, సమితి ఇప్పటిదాకా పెళ్ళి అంటే ఇదీ అని ఒక వాక్యంలో ఎక్కడా రాయలేదు. కానీ పెళ్ళి గురించి చాలానే రాసింది. 1948 నాటి మానవ హక్కుల ప్రకటనలో 16వ అంశం అదే. ఈడొచ్చిన ఆడ, మగ ఎవరికైనా జాతి, దేశం, మతం అడ్డు లేకుండా పెళ్ళి చేసుకునే హక్కుంది, ఇద్దరి పూర్తి ఇష్టంతోనే జరగాలి అని. 1962లో పెళ్ళికి ఇష్టం, కనీస వయసు, రిజిస్ట్రేషన్ ఈ మూడింటి మీద ప్రత్యేకంగా ఒక ఒప్పందమే తెచ్చారు. ఆ వయసు ఎంతో మాత్రం ఏ దేశానికి ఆ దేశమే పెట్టుకోవాలన్నారు. 1979లో ఆడవాళ్ళ మీద వివక్ష పోవాలని సీడా ఒప్పందం వచ్చింది. అందులోనూ 16వ అంశం పెళ్ళి గురించే.

తర్వాత దక్షిణాఫ్రికా చరిత్ర తెరిచాం. 1948లో మానవ హక్కుల ప్రకటన మీద ఓటింగు జరిగితే 48 దేశాలు అవునన్నాయి, ఒక్కటీ కాదనలేదు, ఎనిమిది దేశాలు ఓటు వేయకుండా కూర్చున్నాయి. ఆ ఎనిమిదిలో దక్షిణాఫ్రికా ఒకటి. ఎందుకో మరుసటి ఏడాదే తెలిసింది. 1949లో తెల్లవాళ్ళు, తెల్లవాళ్ళు కానివాళ్ళు పెళ్ళి చేసుకోకూడదని చట్టం చేశారు. 1985 దాకా అది ఉంది. అంటే పెళ్ళికి నిర్వచనం ఒక ప్రభుత్వం చేతిలో పెడితే ఏం చేయగలదో ఆ దేశమే చూపించింది. నల్లవాళ్ళు తమ ఆచారం ప్రకారం చేసుకున్న పెళ్ళిళ్ళను ఆ రోజుల్లో చట్టం పెళ్ళి అని కూడా అనలేదు. "కలయిక" అనే అర్థం వచ్చే ఇంకో మాట వాడింది. వందల ఏళ్ళుగా ఊరంతా కలిసి చేసిన పెళ్ళిని పెళ్ళి కాదు, కలయిక అన్నారు.

ఇంకో పేజీలో లోబోలా అనే మాట కనిపించింది. పెళ్ళికొడుకు వైపువాళ్ళు పెళ్ళికూతురు వైపువాళ్ళకు పశువులు ఇస్తారు, ఇప్పుడైతే ఎక్కువగా డబ్బే ఇస్తున్నారు అని ఉంది. అది చదివి ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఇది మన ఓలే కదా!

ఇంటర్‌లో ఉన్నప్పుడు ఒక క్లాస్‌మేటు "మీలో పిల్లను అమ్ముకుంటారంట కదా" అని అడిగింది. అప్పుడు మాకు జవాబు రాలేదు. కట్నం అంటే పిల్ల వైపువాళ్ళు ఇచ్చుకునేది, ఓలి అంటే పిల్ల వైపువాళ్ళకు ఇచ్చేది అని చెప్పాలని తెలుసు గానీ నోరు రాలేదు. ఇక్కడేమో ఒక దేశం మొత్తం దాన్ని చట్టంలో రాసుకుని కూర్చుంది. 1998లో ఆచార వివాహాల గుర్తింపు చట్టం చేశారు, 2000 నవంబరు నుంచి అమల్లోకి వచ్చింది. ఆచారం ప్రకారం జరిగిన పెళ్ళి పెళ్ళే. ఇద్దరికీ 18 నిండాలి, ఇద్దరూ ఒప్పుకోవాలి, ఆచారం ప్రకారం మాట్లాడుకుని జరుపుకోవాలి. భార్యకు భర్తతో సమానమైన హక్కులు. రిజిస్టర్ చేయించుకోవాలి అంటుంది, కానీ చేయించుకోనంత మాత్రాన పెళ్ళి చెల్లకుండా పోదు అని కూడా అదే చట్టం అంటుంది. ఈ చివరి ముక్కను నోటుబుక్కులో ఎర్ర పెన్నుతో రాసుకున్నాం.

ఇంకా ఉంది. 2006లో ఆ దేశమే ఇద్దరు ఆడవాళ్ళు గానీ ఇద్దరు మగవాళ్ళు గానీ పెళ్ళి చేసుకోవచ్చని చట్టం చేసింది. ఆఫ్రికాలో అదే మొదటిది. లోబోలా, ఇదీ రెండూ ఒకే దేశంలో ఎట్లా ఇమిడాయని మాకు ఆశ్చర్యం వేసింది. మన ఊళ్ళల్లో దీని గురించి మాట్లాడరు. మేమూ హాస్టల్లో పెద్దగా మాట్లాడుకోలేదు. కానీ మాట్లాడనంత మాత్రాన అట్లాంటివాళ్ళు మనలో లేరని కాదు. ఈ గ్రూపులోనూ ఉండొచ్చు. వాళ్ళు ఇది చదువుతుంటే, మీరు మాకు పరాయివాళ్ళు కారు అని చెప్పాలనుకున్నాం.

మొత్తానికి పొజిషన్ పేపర్ రాశాం. అందులో సారాంశం ఇదీ: పెళ్ళి అంటే ఏందో బయటివాళ్ళు చెప్పకూడదు, ఏ జాతి పెళ్ళిని ఆ జాతే చెప్పుకుంటుంది. రాసేటప్పుడు దక్షిణాఫ్రికా పేరు పెట్టాం గానీ లోపల మాట్లాడింది మేమే. మూడో గట్టు, నాలుగో గట్టు, ఐదో గట్టు అని మన పెద్దలు లెక్క పెట్టి, ఒకే గట్టువాళ్ళు అన్నాచెల్లెళ్ళు కాబట్టి పెళ్ళి కుదరదని చెప్పే పద్ధతి ఏ కాగితంలో పడుతుంది? భర్త చనిపోయినా, పొసగకపోయినా ఆడమనిషి మళ్ళీ మనువు పోవచ్చని మనవాళ్ళు ఎప్పటినుంచో ఒప్పుకున్నారు. మైదానంలో వితంతు వివాహం కోసం పెద్ద పెద్దవాళ్ళు పోరాటం చేయాల్సి వచ్చింది. మనకెందుకు వేరేవాళ్ళ నిర్వచనం? గర్వంగా రాసి సార్‌కు పంపాం. సార్ "బాగుంది" అన్నారు.

ఆ ఆదివారం మాలో ఒకరి అక్క కొడుకును ఆస్పత్రికి చూపించడానికి భద్రాచలం వచ్చింది. వాడికి జ్వరం. చూపించుకుని హాస్టల్ గేటు దగ్గరికి వచ్చింది. వార్డెన్ మేడం అక్కను లోపలికి రానిచ్చారు. వాడు మా మంచం మీద పడుకుని నిద్రపోయాడు. మా చుట్టూ కాగితాలు చూసి అక్క, "ఏం చదువుతున్నరే ఇంత?" అంది. చెప్పాం. పెళ్ళికి అర్థం ప్రపంచమంతటికీ ఒకటి పెట్టాలా, ఎవరిది వాళ్ళకు వదిలేయాలా అని వాదిస్తారక్కా, మేము వదిలేయాలి అంటున్నాం అని.

అక్క కొంచెంసేపు ఏమీ అనలేదు. తర్వాత అడిగింది. "అయితే నాది పెళ్ళి అవునా, కాదా?"

అక్క కథ కొంచెం చెప్పాలి. ఆమె చెప్పమంది కాబట్టే చెప్తున్నాం, ఊరు పేరు మాత్రం అడగొద్దు. ఆమె పెళ్ళి ఆరేళ్ళ కింద జరిగింది. రెండు ఊళ్ళ పెద్దలు కూర్చుని మాట్లాడారు, ఓలి ఇచ్చారు, పందిరి వేశారు, ఇద్దరి మీద నీళ్ళు పోశారు, రాత్రంతా డోలు మోగింది, రెండు ఊళ్ళు తిన్నాయి. కార్డులు కొట్టించలేదు, మనిషిని పంపి పిలిచారు. ఫొటోగ్రాఫరు లేడు. బావ మొదట్లో ట్రాక్టరు నడిపేవాడు, తర్వాత పని కోసమని టౌనుకు పోయాడు. రావడం తగ్గింది. ఒకరోజు ఎవరో ఫోన్లో స్టేటస్ చూపించారు. బావ మెడలో దండ, పక్కన ఇంకో అమ్మాయి. ఆ పెళ్ళికి సర్టిఫికెట్టు కూడా తీసుకున్నాడని తర్వాత తెలిసింది.

అక్క అమ్మను తీసుకుని ఒక ఆఫీసుకు పోయింది. "నీ పెళ్ళి కాగితం ఏది?" అన్నారు. లేదంది. "పెళ్ళి కార్డు? ఫొటో?" లేవంది. ఇంకో చోటికి పంపారు. అక్కడ ఒకాయన అన్నీ విని, "మీ ఎస్టీలకు ఆ చట్టం వర్తించదమ్మా, మీ పెద్దల దగ్గరే తేల్చుకోండి" అన్నాడు. పెద్దల దగ్గరికి వచ్చింది. పెద్దమనుషులు కూర్చున్నారు, అందరూ మగవాళ్ళే. తప్పు కట్టమని బావకు చెప్పారు. అక్కను నువ్వు ఇష్టమైతే వేరే మనువు పోవచ్చు, అడ్డు లేదన్నారు. "పిల్లోడి సంగతేంది?" అని అక్క అడిగితే, వాడు వాళ్ళ ఇంటివాడు కదా, పెద్దయ్యాక వాళ్ళే చూసుకుంటారన్నారు. ఇప్పుడు వాడికి పాలు ఎవరు కొనాలో ఎవరూ చెప్పలేదు. ఆ తప్పు డబ్బు కూడా సగమే వచ్చింది.

ఆఫీసుకేమో ఆమెది పెళ్ళి కాదు. పెద్దలకేమో అయిపోయిన పెళ్ళి. ఇదంతా మాకు ముందే తెలుసు. తెలిసి కూడా మా పేపర్లో ఒక్క లైనైనా రాయలేదు. "ఏ జాతి పెళ్ళిని ఆ జాతే చెప్పుకుంటుంది" అని గొప్పగా రాశాం. ఆ జాతిలో చెప్పేది ఎవరు, అక్క ఉందా అందులో?

ఆ రాత్రి ఇద్దరం ఒకరితో ఒకరం సరిగా మాట్లాడుకోలేదు. పొద్దున లేచి మళ్ళీ మొదలుపెట్టాం, ఈసారి మన దేశం చట్టం.

1955 హిందూ వివాహ చట్టంలో సెక్షన్ 2(2) ఉంది. కేంద్రం గెజిట్‌లో ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప షెడ్యూల్డ్ తెగలకు ఈ చట్టం వర్తించదు అంటుంది. 2024లో ఉత్తరాఖండ్ చేసిన ఉమ్మడి పౌర స్మృతి కూడా షెడ్యూల్డ్ తెగలను బయటే ఉంచింది. మన ఆచారాన్ని గౌరవించి వదిలేశారని మనం గర్వంగా చెప్పుకుంటాం. అది నిజమే కొంతవరకు. అయితే వదిలేసిన చోట ఏం జరుగుతుందో చెప్పే ఒక కేసు మాకు దొరికింది. డాక్టర్ సూరజ్‌మణి స్టెల్లా కుజూర్ అనే ఆమె. ఆమె ఒరావ్, భర్త సంతాల్. భర్త ఇంకో పెళ్ళి చేసుకున్నాడని రెండో పెళ్ళి నేరం కింద కేసు పెట్టింది. 2001లో సుప్రీంకోర్టు ఏమందంటే, ఇద్దరూ షెడ్యూల్డ్ తెగలవాళ్ళు కాబట్టి హిందూ వివాహ చట్టం రాదు, రెండో పెళ్ళి చెల్లదని మీ తెగ ఆచారంలో ఉంటే దాన్ని కోర్టులో చెప్పి రుజువు చేయాలి, అది చేయలేదు కాబట్టి కేసు నిలవదు అంది.

సుప్రీంకోర్టు దాకా పోయిన ఆమెకే అట్లా అయితే అక్క సంగతి చెప్పాలా? ఆచారం రుజువు చేయాలంటే ఎక్కడో రాసి ఉండాలి, లేకపోతే ఎవరైనా వచ్చి సాక్ష్యం చెప్పాలి. మన ఆచారం ఎక్కడ రాసి ఉంది? రాసింది కూడా ఎప్పుడో వచ్చిపోయిన దొరలు, పరిశోధకులు.

మళ్ళీ మా దేశం వైపు, అంటే దక్షిణాఫ్రికా వైపు చూశాం. అక్కడా ఇట్లాంటి కేసే ఉంది. మాయెలానే అని ఒక ఆవిడ, త్సోంగా తెగ. 1984లో ఆచారం ప్రకారం పెళ్ళయింది. 2009లో భర్త చనిపోయాక పెళ్ళి రిజిస్టర్ చేయించుకుందామని పోతే, నన్ను కూడా 2008లో చేసుకున్నాడని ఇంకో ఆవిడ వచ్చింది. అక్కడ ఆచార వివాహంలో ఒకరికంటే ఎక్కువ మంది భార్యలు ఉండొచ్చు. ప్రశ్న ఏందంటే, మొదటి భార్య ఒప్పుకోవాలా అక్కర్లేదా? రాజ్యాంగ న్యాయస్థానం ఏం చేసిందో చూడండి. ఆచారం రుజువు కాలేదని కొట్టేయలేదు. మీ ఆచారం ఏమంటుందో చెప్పండి అని త్సోంగా పెద్దల నుంచి, తెలిసినవాళ్ళ నుంచి తనే సాక్ష్యం తెప్పించుకుంది. 2013లో తీర్పిచ్చింది. మొదటి భార్య ఒప్పుకోకుండా చేసుకున్న తర్వాతి పెళ్ళి చెల్లదు అంది. ఆచారం మారుతూ ఉంటుంది, ఆడవాళ్ళ గౌరవానికీ సమానత్వానికీ సరిపడేట్టు దాన్ని ముందుకు తీసుకుపోవాలి అనే దారి పట్టింది.

పొజిషన్ పేపర్ మళ్ళీ రాశాం. గడువుకు గంట ముందు పంపాం.

రాత్రి బస్సుకు హైదరాబాదు చేరాం. ఆ హాలు గురించి ఎక్కువ చెప్పం. ఏసీకి చలి, అందరూ నల్ల కోట్లు, మేము హాస్టల్ ఫంక్షన్‌కు కొనుక్కున్న చీరలు. అందరూ ఒకరికొకరు ముందే తెలిసినట్టు మాట్లాడుకుంటున్నారు. మా టేబుల్ మీద దక్షిణాఫ్రికా అని రాసిన ప్లకార్డు. మొదటి అరగంట దాన్ని ఎత్తడానికే ధైర్యం చాలలేదు.

మొదట రష్యా మాట్లాడింది. పెళ్ళి అంటే ఒక ఆడ, ఒక మగ, మేము 2020లో రాజ్యాంగంలోనే రాసుకున్నాం, సమితి కూడా అదే రాయాలి అంది. నెదర్లాండ్స్ లేచి, 2001లో ప్రపంచంలో మొదట మేమే స్వలింగ వివాహాన్ని ఒప్పుకున్నాం, ఈడొచ్చిన ఏ ఇద్దరైనా అని సమితి రాయాలి అంది. ఇట్లా రెండు జట్లయ్యాయి. గమ్మత్తు ఏందంటే, ఏ విషయంలోనూ పడని ఆ రెండు జట్లూ ఒక్క విషయంలో ఒకటే. నిర్వచనం రాయాల్సిందే, అది మాదే అయి ఉండాలి.

తర్వాత భారతదేశం మాట్లాడింది. హైదరాబాదు పిల్లలే, బాగా తయారై వచ్చారు. 1993లో సీడా ఒప్పందంలో చేరినప్పుడు ఇండియా ఒక ప్రకటన పెట్టింది. ఏ సమూహం అయినా తనంతట తాను అడిగి ఒప్పుకుంటే తప్ప వాళ్ళ సొంత వ్యవహారాల్లో జోక్యం చేసుకోం అని, పెళ్ళిళ్ళ రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేయడం సూత్రంగా మంచిదే గానీ ఇన్ని ఆచారాలు, మతాలు, ఇన్ని స్థాయిల చదువు ఉన్న పెద్ద దేశంలో అది జరిగే పని కాదు అని. ఆ పిల్ల అది చెప్పి, మా దేశంలో గిరిజనుల ఆచారాలను కూడా మేము కాపాడుకుంటున్నాం అంది. హాలు బల్లలు చరిచింది.

ఆ గిరిజనులం మేము నాలుగు కుర్చీల అవతల కూర్చున్నాం, దక్షిణాఫ్రికా బోర్డు వెనక. లేచి "అది మేమే" అనడానికి లేదు. రూలు ప్రకారం మేము వేరే దేశం. ఇంగ్లీషులో "వి" అంటే ఒక్కటే మాట. మనకు రెండున్నాయి. ఆ పిల్ల మాట మనసులో తెలుగులోకి మార్చుకుంటుంటే, అది "మనం" అవుతుందా, "మేము" అవుతుందా అని ఆలోచించాం. "మేము కాపాడుకుంటున్నాం" అన్నదాంట్లో మాత్రం మేము లేం. ఆ పిల్ల తప్పేం లేదు, ఆమె పాత్ర ఆమె చేసింది. కానీ కడుపులో ఏదో తిప్పినట్టయింది.

అప్పుడు ప్లకార్డు ఎత్తాం.

గొంతు వణికింది. రాసుకున్నది చూసి చదివాం. దక్షిణాఫ్రికా అంటోంది ఏందంటే, నిర్వచనం పేరుతో ఏం జరుగుతుందో మా దేశం చూసింది. 1949లో రంగు పేరుతో చూసింది. నల్లవాళ్ళ పెళ్ళిని కలయిక అన్నప్పుడు చూసింది. అందుకని పై నుంచి నిర్వచనం వద్దు. అట్లాగని ఎవరిది వాళ్ళకు వదిలేయండి అనడం కూడా లేదు. వదిలేస్తే బలమున్నవాడి మాటే ఆచారం అవుతుంది. నిర్వచనం బదులు ఒక నేల వేద్దాం, ఏ ఆచారమైనా ఆ నేల కిందికి పోకూడదు అన్నాం.

నెదర్లాండ్స్‌గా కూర్చున్న అబ్బాయి ప్రశ్న అడిగాడు. మీ ఆచార వివాహాల్లో ఆడపిల్లను అడుగుతారా, లేక పశువుల లెక్క మాత్రమే చూస్తారా అని. కొంతమంది నవ్వారు. మాకు ఇంటర్‌లో ఆ క్లాస్‌మేటు ప్రశ్న గుర్తొచ్చింది. ఈసారి నోరు వచ్చింది. చట్టం ప్రకారం అడగాలి, ఇద్దరూ ఒప్పుకోకపోతే ఆ పెళ్ళి చెల్లదు అన్నాం. అది దక్షిణాఫ్రికా జవాబు, సరిపోయింది. కానీ కూర్చున్నాక ఇద్దరి బుర్రలోనూ ఒకటే తిరిగింది. మన దగ్గర అడుగుతారా? నిజం చెప్పాలంటే కొన్ని ఇళ్ళల్లో అడుగుతారు, కొన్నిట్లో అడగరు. మేనరికం అని చిన్నప్పుడే అనుకున్న సంబంధాలు ఎన్ని లేవు? మాతో పదో తరగతి చదివిన అమ్మాయిల్లో ఎంతమంది ఇంటర్‌కు రాలేదో మనకు తెలియదా?

రెండో రోజు తీర్మానాలు రాయాలి. రెండు జట్లూ ఒకే హాల్లో చెరో మూల చేరాయి. మధ్యలో మిగిలిన చిన్న దేశాలు, ఎటూ తేలనివాళ్ళు ఒక్కొక్కరే మా దగ్గరికి వచ్చారు. అందరం కలిసి ఒక సవరణ తయారు చేశాం. అందులో ఐదు మాటలు. ఒకటి, ఇద్దరి ఇష్టం లేకుండా పెళ్ళి లేదు. రెండు, 18 నిండాలి. మూడు, రిజిస్టర్ కాలేదన్న కారణంతో ఏ పెళ్ళినీ లేదనకూడదు, రిజిస్టర్ చేసే మనిషే ఊరికి రావాలి. నాలుగు, ఉన్న భార్యకు తెలియకుండా ఇంకో పెళ్ళికి సర్టిఫికెట్టు పుట్టకూడదు. ఐదు, ఒక జాతి ఆచారం ఏమిటని అడిగేటప్పుడు ఆ జాతి ఆడవాళ్ళను కూడా అడగాలి. 2007 నాటి ఆదివాసీ హక్కుల ప్రకటనను కూడా పెట్టాం. అందులో 34వ అంశం మన సంస్థలను, ఆచారాలను నిలుపుకునే హక్కు ఇస్తూనే అవి మానవ హక్కుల ప్రమాణాలకు లోబడి ఉండాలంటుంది. ఆ ప్రకటనకు 144 దేశాలు ఓటేశాయి, ఇండియా కూడా వేసింది.

ఇక్కడ మేము చేసిన తప్పు చెప్పాలి. ఓటింగుకు ముందు కొన్ని దేశాలు వచ్చి, ఐదో మాట తీసేస్తే మీకు ఓటేస్తాం, ఆచారాన్ని ఎవరిని అడగాలో మాకు చెప్పకండి అన్నాయి. టైము లేదు. గెలవాలని ఉంది. తీసేశాం. ఒక నిమిషం కూడా ఆలోచించలేదు. సవరణ మూడు ఓట్ల తేడాతో నెగ్గింది. కానీ అది చేరిన తీర్మానం మొత్తం ఓడిపోయింది. రెండో తీర్మానమూ ఓడిపోయింది. మాకు ప్రైజు రాలేదు. చైర్‌లో కూర్చున్న అన్న చివర్లో దక్షిణాఫ్రికా బాగా మాట్లాడిందని ఒక మాట అన్నాడు.

తిరుగు బస్సులో ఇద్దరికీ నిద్ర పట్టలేదు. అక్క అడిగిన ప్రశ్నకు జవాబు ఆ ఐదో మాటలోనే ఉంది. దాన్నే అందరికంటే ముందు అమ్మేసుకున్నాం. మన పెద్దమనుషులు అక్కను పక్కన కూర్చోబెట్టి మాట్లాడారని మాకు కోపం. మేము చదువుకున్నవాళ్ళం, ఆడపిల్లలం, అదే పని ఏసీ హాల్లో చేసి వచ్చాం. అది ఉత్త ఆటే కదా అని సార్ ఓదార్చారు. కానీ అది ఆట కాబట్టే, పోయేదేమీ లేదు కాబట్టే, అక్కడైనా నిలబడాల్సింది.

భద్రాచలంలో దిగి అక్కకు ఫోన్ చేశాం. "ఏం తేల్చిండ్రు?" అంది. ఏమీ తేలలేదక్కా అన్నాం. నవ్వింది. "మన పెద్దమనుషులే నయం గదనే, ఒక్క రాత్రిలో తేలుస్తరు" అంది. మేమూ నవ్వాం. తర్వాత మేము చదివినప్పుడు తెలిసిన ఒక పనికొచ్చే సంగతి చెప్పాం. అందరికీ పనికొస్తుంది కాబట్టి ఇక్కడా రాస్తున్నాం. భార్యకు, పిల్లలకు మనోవర్తి ఇప్పించే చట్టం ఏ మతానికీ ఏ తెగకూ పరిమితం కాదు. పాత సీఆర్‌పీసీ 125, 2024 జులై నుంచి కొత్త చట్టంలో సెక్షన్ 144. హిందూ వివాహ చట్టం మనకు రాదు అన్న మాట దీనికి అడ్డం కాదు. పిల్లవాడికి తండ్రి ఖర్చులు ఇవ్వాలని అందులోనే అడగొచ్చు. ఎస్టీలకు, ఆడవాళ్ళకు కోర్టులో ఉచిత న్యాయ సహాయం 1987 చట్టం ప్రకారం హక్కు, ఆదాయం చూడరు. అక్క పోయిన వారం లాయరమ్మను కలిసింది. పిటిషన్ వేస్తున్నారు. ఏమవుతుందో చూడాలి. సాక్షులుగా రెండు ఊళ్ళ నుంచి ఆడవాళ్ళు ముందుకొచ్చారు. ఆ రోజు వంట చేసినవాళ్ళు, నీళ్ళు మోసినవాళ్ళు. పెళ్ళి జరిగిందని వాళ్ళకంటే బాగా తెలిసినవాళ్ళు ఎవరు?

ఇప్పుడు మీ అందరినీ అడిగే పని.

సెలవులకు ఊరికి పోయినప్పుడు మీ ఊరి పెళ్ళి పద్ధతి రాయండి. కోయ, కొండరెడ్డి, గోండు, లంబాడీ, ఎవరైనా సరే. ఎవరెవరు కూర్చుంటారు, ఓలి ఎంత, ఏ తంతుతో పెళ్ళి అయినట్టు లెక్క, విడిపోతే ఏం చేస్తారు, పిల్లలు ఎవరి దగ్గర, మొదటి భార్య ఉండగా ఇంకొకరిని తెస్తే పూర్వం ఏం చేసేవాళ్ళు. పెద్దమనుషులను అడగండి. తర్వాత మీ అమ్మమ్మను, మేనత్తను, మళ్ళీ మనువు పోయిన ఆమెను, ఒంటరిగా ఉన్న ఆమెను కూడా అడగండి. రెండు జవాబులూ పక్కపక్కన రాయండి. తేడా ఉంటే దాచొద్దు. ఆ తేడా మన ఇంటి సంగతి, మనమే మాట్లాడుకుందాం.

రెండోది, 1996 పెసా చట్టంలో 4(డి) ప్రకారం మన ఆచారాలను, తగవులు తీర్చుకునే పద్ధతిని కాపాడుకునే అధికారం గ్రామసభకు ఉంది. అయితే ఊళ్ళో జరిగే ప్రతి పెళ్ళినీ గ్రామసభ ఒక పుస్తకంలో రాసి ఎందుకు పెట్టకూడదు? తారీకు, ఇద్దరి పేర్లు, వయసులు, ఇచ్చిన ఓలి, ఇద్దరి సంతకాలో వేలిముద్రలో, నలుగురు సాక్షులు, అందులో ఇద్దరు ఆడవాళ్ళు. రెండు వందల పేజీల నోటుబుక్కు చాలు. అమ్మాయికి 18, అబ్బాయికి 21 నిండకపోతే ఆ పుస్తకంలో పేరు ఎక్కదు. బాల్యవివాహాల నిషేధ చట్టం మనకూ వర్తిస్తుంది, అది గుర్తుంచుకోండి.

మా ఊళ్ళో అడిగితే ఒక పెద్దాయన, "ఇన్నేళ్ళు పుస్తకం లేకుండా మన పెళ్ళిళ్ళు నిలబడలేదా?" అన్నాడు. నిలబడ్డాయి తాతా, అందరూ ఊళ్ళోనే ఉన్నన్నాళ్ళు, మాట తప్పితే మొహం ఎత్తుకోలేనన్నాళ్ళు నిలబడ్డాయి అన్నాం. ఆయన ఏమీ అనలేదు. తర్వాత, "పుస్తకం ఎవరి ఇంట్లో పెడతరు?" అని అడిగాడు. అది ఒప్పుకున్నట్టే అని మేము అనుకుంటున్నాం.

మొదటి పేజీలో అక్క పెళ్ళి రాయాలని ఉంది. ఆరేళ్ళ కిందటి తారీకు వేసి.

మీ ఊళ్ళ సంగతులు కింద రాయండి. మా మాటలో తప్పుంటే తిట్టండి, కానీ చెప్పండి.

జై ఆదివాసీ.